ల్యాప్‌టాప్ బ్యాగులో మొదట చూడవలసింది దాని అడుగు

ఇంజినీరింగ్‌లో చేరుతున్న మీ తమ్ముడికి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ పట్టే, మరీ పెద్దది కాని బ్యాగు ఎలాంటిది కొనాలని అడిగారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పీజీ చదివినన్నాళ్లూ హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంటుకు, అక్కడి నుంచి లైబ్రరీకి సైకిల్ మీద ఒకే బ్యాగుతో తిరిగాను కనుక, వాడకంలో తెలిసినవి చెబుతాను.

రోజూ కాలేజీకి 25 లీటర్ల సామర్థ్యమున్న బ్యాగు సరిపోతుంది. 30 లీటర్లు దాటిన బ్యాగులో చోటుంది కదా అని అవసరం లేనివన్నీ చేరతాయి, ఆ బరువంతా భుజాల మీదే పడుతుంది. బడి పిల్లల బ్యాగు వారి శరీర బరువులో 10 శాతం మించకూడదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం చెబుతోంది. అదే లెక్కను 60 కిలోల యువకుడికి వర్తింపజేస్తే 6 కిలోలు అవుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్, దాని ఛార్జరు, లీటరు నీళ్ల సీసా కలిస్తేనే అందులో సగం దాటిపోతుంది.

15.6 అంగుళాలన్నది తెర మూల నుంచి మూలకు ఉండే కొలత మాత్రమే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు మందంగా, వెనుకవైపు కాస్త పొడవుగా ఉంటాయి కాబట్టి, వీలైతే మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌ను దుకాణానికి తీసుకెళ్లి, బ్యాగులోని ల్యాప్‌టాప్ అరలో పెట్టి, జిప్పు ఇబ్బంది లేకుండా పడుతోందో లేదో చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ అరకు ఉండే అడుగుభాగం. చాలా బ్యాగుల్లో ముందూ వెనుకా మెత్తటి ఫోమ్ ఉంటుంది గాని, ల్యాప్‌టాప్ అర మాత్రం నేరుగా బ్యాగు అడుగు దాకా దిగిపోతుంది. క్లాసులో బ్యాగును నేల మీద పెట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ ల్యాప్‌టాప్ మూలకే తగులుతుంది. మా హాస్టల్‌లో ఒక మిత్రుడి ల్యాప్‌టాప్ ఇలాగే మూల సొట్టపడి, చివరకు హింజ్ (తెరను మడిచే కీలు) దగ్గర పగిలింది. ఒక చేతిని అర లోపలికి పూర్తిగా దించి, రెండో చేతిని బ్యాగు కింద ఉంచి నొక్కి చూడండి. రెండు చేతుల మధ్య కనీసం రెండు వేళ్ల మందం ఎడం ఉంటేనే ఆ బ్యాగు తీసుకోండి. ఎన్ని జేబులున్నాయన్నది దీని తరువాతే.

భుజం పట్టీలు బ్యాగుకు కలిసేచోట కుట్టు ఒక్క వరుసగా కాక, చతురస్రంలో అడ్డగీతలు వేసినట్లు దట్టంగా ఉండాలి, ఎందుకంటే బ్యాగు మొదట తెగేది అక్కడే. జిప్పు సంగతికి వస్తే, రన్నర్ (పట్టుకుని లాగే ముక్క) అరిగితే బ్యాగులు బాగుచేసేవారు కొద్ది ఖర్చుతోనే మారుస్తారు; పళ్లు ఊడితే మాత్రం జిప్పంతా మార్చాలి.

వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నా, జోరు వానలో జిప్పుల గుండా, కుట్ల గుండా నీరు లోపలికి దిగుతుంది. రెయిన్ కవర్ ఉన్న బ్యాగునే ఎంచుకోండి, లేదా విడిగా కొనండి. నీళ్ల సీసాకు పక్కన లోతైన జేబు ఉందో లేదో కూడా చూడండి, సీసాను మాత్రం ల్యాప్‌టాప్ ఉన్న అరలో ఎప్పుడూ పెట్టవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.