భుజం పట్టేసినప్పుడు మాత్రలు ఎంతవరకు, గోడ ఎంతవరకు: నా 15 నెలల అనుభవం

మీకు 47 ఏళ్ళు, 3 నెలలుగా ఎడమ భుజం పట్టేసి జడ వేసుకోవడం కూడా కష్టమైపోయింది, రోజూ నొప్పి మాత్ర వేసుకుంటుంటే కడుపులో మంట, అవి లేకుండా తగ్గే దారి ఉందా అని అడిగారు. ఉంది, కాకపోతే నెమ్మదైన దారి. నేను డాక్టర్ని కాదు, విజయనగరంలో లెక్కల టీచర్ని. కుడి భుజంతో 15 నెలలు పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

నా సంగతి నాకు నొప్పి కంటే ముందు బోర్డు చెప్పింది. తొమ్మిదో తరగతిలో లెక్క చేస్తుంటే వెనక బెంచీ కుర్రాడు లేచి "కిందకి రాసేస్తన్నారేటి మేడం, ముందోళ్ళ బుర్రలే కనిపిస్తన్నాయి" అన్నాడు. వెనక్కి వెళ్ళి చూస్తే నిజమే, బోర్డు పై సగమంతా ఖాళీ, నేను రాసిందంతా నా గడ్డం ఎత్తు నుంచి కిందకే ఉంది. అప్పటికే లోపల సన్నగా సలుపు ఉండేది గానీ, బ్యాగు బరువు అనుకుని పట్టించుకోలేదు. ఆ ఏడు దసరా వెళ్ళిన మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగింపు చూడ్డానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడ్డాం. సిరిమాను ముందు నుంచి వెళ్తుంటే అందరూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నారు, నా ఎడం చెయ్యి తల మీదకి వెళ్ళింది, కుడి చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. "ఒంటిచేత్తో దణ్ణమేటే" అని మా అత్తగారు అందరి ముందూ అన్నాక గానీ ఇది బ్యాగు బరువు కాదని నాకు ఎక్కలేదు.

అక్కడి నుంచి రెండు తప్పులు చేశాను. మందుల షాపులో అడిగి డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్రలు తెచ్చుకుని 6 వారాలు మింగాను. వేసుకున్న కొన్ని గంటలు సలుపు తగ్గేది, చెయ్యి మాత్రం అంగుళం పైకి లేచేది కాదు, పైగా మీలాగే కడుపు మంట. షుగరూ బీపీ ఉన్నవాళ్ళు ఇలాంటి మాత్రలు నెలల తరబడి మింగితే కిడ్నీల మీద పడుతుందని తర్వాత డాక్టర్ గట్టిగానే చీవాట్లు పెట్టారు. రెండో తప్పు ఇంకా పెద్దది. ఎవరో చెప్పారని బెణుకులు లాగే ఒకాయన దగ్గరికి వెళ్ళాను, ఆయన నా చంక కింద మోకాలు పెట్టి చెయ్యి ఒక్క గుంజు గుంజాడు. ఆ రాత్రి కూర్చునే తెల్లవార్చాను, తర్వాత రెండు వారాలు జాకెట్టు తొడుక్కోవడానికి మా అమ్మాయి సాయం కావాల్సి వచ్చింది. దయచేసి ఈ పని మాత్రం చెయ్యకండి, ఎంత మంచి పేరున్న మనిషైనా సరే.

ఎముకల డాక్టర్ దగ్గర జరిగిన పరీక్ష రెండు నిమిషాలు. మోచెయ్యి నడుముకి ఆనించి అరచెయ్యి బయటి వైపుకి తిప్పమన్నారు, ఎడమది తలుపు తెరిచినట్టు తిరిగింది, కుడిది గొళ్ళెం పెట్టినట్టు ఆగిపోయింది. తర్వాత నన్ను వదులుగా ఉండమని ఆయనే నా చెయ్యి ఎత్తారు, అయినా లేవలేదు. కండరాన్ని ఎముకకి కలిపే తాడు తెగితే మనం ఎత్తలేకపోయినా డాక్టర్ ఎత్తితే సాధారణంగా లేస్తుందట, ఎవరు ఎత్తినా లేవకపోతే పట్టేసింది కీలే. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, ఇందులో మామూలుగా ఏమీ కనపడదు కూడా, తీసేది అరుగుదల లాంటివి లేవని చూసుకోవడానికే. కీలు చుట్టూ సంచి లాంటి పొర ఒకటి ఉంటుంది, అది వాచి, మందమెక్కి, తడిసి ఆరిన తోలులా బిగుసుకుపోతుంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో కోడ్‌మన్ అనే అమెరికా సర్జన్ పెట్టారట, జపాన్‌లోనైతే దీన్ని యాభయ్యేళ్ళ భుజం అనే అంటారని ఫిజియోథెరపిస్ట్ చెబితే నవ్వొచ్చింది, అప్పుడు నాకు సరిగ్గా 50.

ఇందులో మూడు దశలుంటాయి, మీకు అన్నిటికంటే పనికొచ్చే విషయం ఇదే. మొదట నొప్పి దశ, 2 నుంచి 9 నెలలు, రాత్రిళ్ళు సలుపు ప్రాణం తీస్తుంది. తర్వాత బిగుసుకునే దశ, 4 నుంచి 12 నెలలు, నొప్పి తగ్గుతుంది గానీ చెయ్యి కదలదు. ఆ తర్వాత నెమ్మదిగా వదులయ్యే దశ, అది 5 నెలల్లో అయిపోవచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మొదటి దశలో ఉన్నట్టున్నారు. ఈ దశలో పళ్ళు బిగబట్టి వ్యాయామం చేస్తే వాపు పెరుగుతుంది, అలాగని చెయ్యి కట్టేసినట్టు కదపకుండా ఉంచితే ఇంకా బిగుస్తుంది. నాకు చెప్పిన కొలత ఏంటంటే, చేసేటప్పుడు కాస్త లాగినట్టు ఉండొచ్చు, కానీ ఆపాక అరగంట దాటినా సలుపు పోకపోతే ఎక్కువ చేసినట్టు, మర్నాడు సగానికి తగ్గించాలి.

నా రోజు ఇలా ఉండేది. పొద్దున్నే 10, 15 నిమిషాలు వేడి కాపడం. మా అత్తగారు వావిలాకు వేసి నీళ్ళు కాచి, తువ్వాలు ముంచి పిండి భుజం మీద వేసేవారు. గుణం వావిలాకుదా వేడిదా అంటే నేను వేడిదే అంటాను, ఆవిడతో మాత్రం అనలేదు. నువ్వుల నూనె కూడా అంతే, హాయిగా ఉంటుంది, రాసుకోండి, నూనెతో కీలు విడుతుందని మాత్రం ఆశపడొద్దు. షుగర్ ఉంటే చర్మం కాలినా తెలియకపోవచ్చు, కాబట్టి తువ్వాలు వేడి ముందు రెండో చేత్తో చూసుకోండి.

కాపడం అయ్యాక బల్ల మీద ఎడం చెయ్యి ఆనించి ముందుకి వంగి, కుడి చెయ్యి గడియారం లోలకంలా వేలాడదీసి, ఒంటిని ఊపితే చెయ్యి దానంతట అదే ఊగేలా, చిన్న సున్నాలు చుట్టినట్టు రెండు నిమిషాలు. చెయ్యి మనం ఊపకూడదు, అందరూ చేసే పొరపాటు అదే. నొప్పి దశ అయ్యాక సగం నీళ్ళున్న చెంబు పట్టుకుని ఊపేదాన్ని. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని, రెండు మోచేతులూ పక్కలకి ఆనించి, ఒక కర్ర రెండు చేతులతో పట్టుకుని మంచి చేత్తో రెండో చేతిని బయటికి నెట్టడం. అప్పడాల కర్ర పొట్టిదైంది, బూజుకర్ర గోడకి తగిలింది, చివరికి మా అబ్బాయి క్రికెట్ వికెట్ సరిగ్గా సరిపోయింది.

ఆఖరికి గోడ. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో సాలీడు పాకినట్టు పైకి పాకించడం, ఆగిన చోట 10 లెక్కపెట్టి దిగడం. వంటింటి గుమ్మం పక్కన ప్రతి ఆదివారం వేలు ఎక్కడిదాకా వెళ్ళిందో పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వేసేదాన్ని. మొదటి 5 గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే మందపు గీతలా కనిపిస్తాయి, అంటే 5 వారాలు ఏమీ కదల్లేదు. ఏడ్చాను కూడా. ఆ తర్వాత వారానికి అర అంగుళం, ఒక్కోసారి అదీ లేదు. సంక్రాంతికి సున్నం వేయిస్తామంటే ఆ గోడ ఒక్కటీ వదిలేయమన్నాను, ఇప్పటికీ ఆ గీతలు అలాగే ఉన్నాయి.

ఫిజియోథెరపీకి 10 సార్లు వెళ్ళాను. అక్కడ పైన చిన్న చక్రం, దాని మీదుగా తాడు, మంచి చేత్తో లాగితే పట్టేసిన చెయ్యి పైకి లేచే ఏర్పాటు. చూడగానే గరివిడి దగ్గర మా అమ్మమ్మగారింటి నూతి గిలక గుర్తొచ్చింది. మిగతా రోజులకి ఇంట్లో తలుపు పైన అలాంటి గిలకే ఒకటి కట్టించుకున్నాను, పాత చీర అంచు చుట్టిన తాడుతో. వారానికి రెండుసార్లు అక్కడ చేయించుకోవడం కంటే ఇంట్లో రోజుకి మూడుసార్లు అయిదేసి నిమిషాలు చేసిందే నాకు పని చేసింది.

మాత్రలు పూర్తిగా మానేశానా అంటే లేదు, అబద్ధం చెప్పను. నిద్ర లేకపోతే మర్నాడు వ్యాయామం చేసే ఓపికే ఉండదు, అందుకని డాక్టర్ని అడిగి మరీ భరించలేని రాత్రులు పారాసిటమాల్ వేసుకునేదాన్ని. మాత్రల కంటే దిండ్లు ఎక్కువ సాయం చేశాయి, వెల్లకిలా పడుకుని మోచెయ్యి కింద ఒక దిండు, పక్కకి తిరిగితే మంచి వైపు తిరిగి, ఒళ్ళో ఒక దిండు పెట్టుకుని దాని మీద నొప్పి చెయ్యి వెయ్యడం. భుజం వెనక్కి వేలాడకపోతే రాత్రి పోటు సగం తగ్గుతుంది.

ఇంకో సంగతి, కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్. స్టెరాయిడ్ అనగానే మన వాళ్ళకి భయం, నేనూ 2 నెలలు వాయిదా వేశాను, ఇప్పుడు తలుచుకుంటే అనవసరంగా ఆగాననిపిస్తుంది. అది బాగా పని చేసేది ఈ మొదటి నొప్పి దశలోనే, నాకు ఒక్కటి చేశాక వారంలో రాత్రులు తేలికయ్యాయి, వ్యాయామం అప్పుడే మొదలైనట్టయింది. షుగర్ మాత్రం కొన్ని రోజులు బాగా పెరిగింది, ముందే చెప్పారు కాబట్టి రోజూ చూసుకున్నాను. రోజూ మాత్ర మింగే బదులు ఒక ఇంజెక్షన్ నయమా అని మీ డాక్టర్ని నేరుగా అడగండి. చెయ్యి ఎన్ని నెలలైనా కదలకపోతే కీలులోకి సెలైన్ ఎక్కించి పొరని సాగదీయడం, మత్తు ఇచ్చి చెయ్యి కదపడం లాంటివి కూడా ఉన్నాయి, నాకు అంతదాకా రాలేదు.

ఒక జాగ్రత్త. మీది ఎడమ భుజం. కదిపినప్పుడు నొప్పి వేరు, ఏ కదలికా లేకుండా ఛాతీ బరువు, చెమటలు, ఆయాసంతో వచ్చే ఎడమ భుజం నొప్పి వేరు, అది గుండెది కావచ్చు, కాపడాలు పెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కింద పడ్డాక మొదలైనా, జ్వరం ఉన్నా, వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా ఇది ఫ్రోజెన్ షోల్డర్ అని మీరే తేల్చేసుకోకండి.

ఇప్పుడు నా చెయ్యి చెవి దాటి పైకి వెళ్తుంది, బోర్డు పై నుంచి రాస్తున్నాను. వెనక్కి పెట్టి వీపు మీద చెయ్యి పైకి తీసుకెళ్ళడం మాత్రం ఇంకా ఎడమ దానంత రాదు, బస్సులో పై రాడ్ పట్టుకుంటే కొంచెం లాగుతుంది. ఒకసారి విడిన భుజానికే మళ్ళీ రావడం అరుదట, రెండో భుజానికి మాత్రం రావచ్చని చెప్పారు కాబట్టి దాన్ని కూడా రోజూ గోడ మీద పాకిస్తున్నాను.

మీరు షుగర్ ఉందో లేదో రాయలేదు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుంది, భుజం కోసం వెళ్ళి షుగర్ బయటపడ్డవాళ్ళు మా స్టాఫ్ రూములోనే ఇద్దరున్నారు. ముందు 3 నెలల సగటు చెప్పే షుగర్ పరీక్షా, థైరాయిడ్ పరీక్షా చేయించుకోండి. మోచెయ్యి నడుముకి ఆనించి చెయ్యి బయటికి ఎంత తిరుగుతోందో కూడా చూసి రాయండి.