పచ్చి బియ్యం తినే పాపకు చిరుతిండి కంటే ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. పాపకు ఆరేళ్ళు, ఒకటో తరగతి చదువుతోంది. బరువు 15 కిలోలు. అన్నం సరిగా తినదు. బడి నుంచి రాగానే టీలో బిస్కెట్లు ముంచుకుని తింటుంది, లేదంటే చిప్స్ ప్యాకెట్ కావాలంటుంది. ఎవరూ చూడనప్పుడు డబ్బాలోంచి పచ్చి బియ్యం తీసి నములుతుంది, బలపాలు కూడా కొరుకుతుంది. మందుల షాపులో అడిగితే ఆకలి పుట్టే సిరప్ ఇచ్చారు. పేరు గుర్తు లేదు, మూడు నెలలుగా వాడుతున్నాం. కాస్త తింటోంది కానీ బడిలో నిద్రపోతోందని టీచర్ అంటున్నారు. రెండేళ్ళ బాబు కూడా ఉన్నాడు. పది నిమిషాల్లో చేసిపెట్టగలిగే మంచి చిరుతిళ్ళు చెప్పండి డాక్టర్ గారూ.

జవాబు: చిరుతిళ్ళు తప్పకుండా చెబుతానమ్మా. కానీ మీరు మామూలుగా రాసేసిన రెండు మాటలు, పచ్చి బియ్యం, మూడు నెలల సిరప్, నన్ను ఆపేశాయి. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముఖ్యమైనదే ముందు చెబుతాను.

పిల్లలు బియ్యం, బలపం, సుద్ద, మట్టి తింటుంటే ఇంట్లో పెద్దవాళ్ళు ‘కడుపులో పురుగులు ఉంటాయిలే’ అనో ‘చిన్నప్పుడు మేమూ తిన్నాం’ అనో వదిలేస్తారు. మాకు మాత్రం ఈ మాట వినగానే రక్తహీనత, అందులోనూ ఇనుము లోపం గుర్తుకొస్తుంది. అన్నం సయించకపోవడం, నీరసం, బడిలో తూగడం కూడా దానికి సరిపోయే లక్షణాలే. పాపను చూడకుండా ఇదే జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే పరీక్ష చేయించకుండా ఇంకో నెల గడపవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టిక ప్రకారం ఆరేళ్ళ ఆడపిల్ల సగటున 20 కిలోల బరువుంటుంది. 15 కిలోలంటే బాగా తక్కువే. ఎత్తు కూడా కొలిస్తే ఇది ఎప్పటినుంచి సాగుతోందో కొంత తెలుస్తుంది.

పగటి వెలుతురులో పాప కింది కనురెప్పను వేలితో నెమ్మదిగా కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోటు పాలిపోయి ఉంటే అనుమానం బలపడుతుంది. చాలామంది తల్లులు పిల్ల అరచేతిని తమ అరచేతి పక్కన పెట్టి చూసి, ఒకేలా ఉన్నాయని ధైర్యం తెచ్చుకుంటారు. అది నమ్మదగిన పోలిక కాదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు, ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తల్లీ పిల్లా ఇద్దరూ పాలిపోయి ఉంటే తేడా ఎక్కడ కనిపిస్తుంది? వెళ్ళినప్పుడు మీరూ రక్తం చూపించుకోండి.

పాపకు సీబీసీ (రక్తకణాలను లెక్కించే) పరీక్ష చేయిస్తే మొదటి సంగతి తేలిపోతుంది. ఐదు నుంచి పదకొండేళ్ళ పిల్లల్లో హిమోగ్లోబిన్ 11.5 (డెసిలీటరు రక్తానికి గ్రాముల్లో) కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం. అవసరమైతే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడమంటారు. రిపోర్టు చూడకుండా షాపులో ఐరన్ సిరప్ కొని మొదలుపెట్టకండి. మన జిల్లాల్లో, ముఖ్యంగా సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ జబ్బులో, తలసీమియాలో కూడా రక్తం తక్కువగానే ఉంటుంది కానీ, దానికి ఇనుము మందు జవాబు కాదు. మీ వైపు గానీ పాప నాన్న వైపు గానీ బంధువుల్లో ఎవరికైనా అలాంటిది ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక ఆ సిరప్. ఆకలి మందుల పేరుతో షాపుల్లో ఇచ్చే వాటిలో తరచూ ఉండేది సైప్రోహెప్టాడిన్. అది అసలు అలర్జీ మందు. ఆకలి పెంచడం, నిద్రమత్తు తేవడం రెండూ దాని గుణాలే. పాప బడిలో తూగడానికి అదే కారణం కావచ్చు, రక్తం తక్కువ కావడమూ కావచ్చు, రెండూ కలిసీ ఉండవచ్చు. కొందరు పిల్లలకు ప్రత్యేక పరిస్థితుల్లో మేమూ దాన్ని రాస్తాం. కానీ పిల్ల ఎందుకు తినడం లేదో తెలుసుకోకుండా ఆకలి ఒక్కటీ పెంచితే అసలు జబ్బు దాని వెనుక దాక్కుంటుంది. మందు ఆపగానే పెరిగిన బరువు కూడా చాలామందిలో జారిపోతుంది.

ఇంకొక భయం కూడా ఉంది. పిల్లలు ‘ఒళ్ళు చేయడానికి’ స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చినవాళ్ళను చూశాను. మీరు వాడుతున్నది అదేనని అనడం లేదు. పేరు తెలియదు కాబట్టి కాదని కూడా అనలేను. స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. అందుకే ‘ఈ రోజే ఆపేయండి’ అని ఇక్కడ రాయడం లేదు. ఒకటి రెండు రోజుల్లో దగ్గర్లోని పిల్లల డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి. ఈలోగా పాపకు ఆయాసం, కాళ్ళు లేదా ముఖం ఉబ్బడం, కళ్ళు పచ్చబడటం, వదలని జ్వరం, విపరీతమైన మగత, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇటీవల ఒక తల్లి ఏడేళ్ళ పిల్లను తీసుకొచ్చింది. యూనిఫాం జేబులో చెయ్యి పెడితే నా వేళ్ళకు తెల్లటి పొడి అంటింది, బలపం ముక్కలు. హిమోగ్లోబిన్ 6.4. ఏడాదిగా మూడు రకాల టానిక్కులు మార్చారట, ఒక్కసారి కూడా వేలి నుంచి చుక్క రక్తం తీయించలేదు. ‘తింటోంది కదా అనుకున్నాం’ అంది ఆ తల్లి. కోప్పడ్డాను, తర్వాత బాధపడ్డాను. ఆ టానిక్కుల మీద పెట్టిన డబ్బులో చిన్న భాగం ఆ పరీక్షకు సరిపోయేది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైతే ఆ ఖర్చు కూడా ఉండదు.

నులిపురుగుల మాట కూడా కొట్టిపారేయను. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. పాప వేసుకుందో లేదో టీచర్‌ను అడగండి. దొడ్లోకి, పొలానికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేయించండి. రక్తం పీల్చే కొంకిపురుగులు పాదాల చర్మం గుండానే ఒంట్లోకి చేరతాయి.

ఇప్పుడు చిరుతిళ్ళ సంగతి. మొదట ఆ టీ మానిపించండి. టీలోని పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆరేళ్ళ పిల్లకు రోజుకు కావలసింది 11 మిల్లీగ్రాముల ఇనుము. తిన్నదే తక్కువైతే దానిమీద టీ పోయడం ఏం న్యాయం? పాలు మంచివే కానీ రోజుకు అరలీటరు దాటితే వేరే తిండికి కడుపులో చోటుండదు.

నేను ఎక్కువగా చెప్పేది గుగ్గిళ్ళు. రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున్నే ఉప్పువేసి కుక్కర్లో ఉడికించి పక్కన పెట్టుకోండి. సాయంత్రం పాప చెప్పులు విప్పేలోపు ఆవాలు, కరివేపాకు పోపు పెట్టడం అయిపోతుంది. పొయ్యి దించాక నిమ్మకాయ పిండండి, పొయ్యి మీద ఉండగా కాదు. నిమ్మలోని సి విటమిన్ వేడికి తగ్గిపోతుంది, శనగల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే అది కావాలి. శనగలు విసుగొస్తే బొబ్బర్లు, పెసలు. ఒక పూట నానబెట్టి మూటకట్టి మొలకలు వస్తే మరీ మంచిది.

చోడిపిండి (రాగిపిండి) మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండేదే. అందులో మునగాకు, ఉల్లిపాయ కలిపి పెనం మీద చిన్న రొట్టెలు వేయండి. వంద గ్రాముల చోడిపిండిలో 350 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది. ఇనుము మాత్రం అందరూ అనుకునేంత లేదు, కాబట్టి చోడి అంబలి తాగిస్తున్నాం కదా అని పరీక్ష మానవద్దు. బీట్‌రూట్ రసం సంగతీ అంతే. ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. ఉడికించిన గుడ్డు, చిలగడదుంప, జామకాయ ముక్కలు, నువ్వుల చిమ్మిలి ఒక చిన్న ఉండ, వీటికి చెప్పేదేమీ లేదు, పెట్టేయండి. చిమ్మిలి తిన్నాక నోరు పుక్కిలించమనండి. మీరు చేపలు తినేవాళ్ళయితే మెత్తళ్ళ వేపుడు నాలుగు ముక్కలు ఏ బిస్కెట్ కంటే మేలు. ఉడికించిన వేరుశనగలు కూడా పాపకు మంచివే.

రెండేళ్ళ బాబు ఉన్నాడని రాశారు. వాడి చేతికి వేరుశనగలు, జీడిపప్పు, శనగలు విడిగా ఇవ్వకండి. ఐదేళ్ళలోపు పిల్లలకు గింజ గొంతులోంచి ఊపిరి గొట్టంలోకి జారుతుంది. అలా ఆయాసంతో వచ్చిన పిల్లలకు గొట్టం వేసి గింజ తీయించాల్సి వస్తుంది. వాడికి మెత్తగా మెదిపిగానీ పొడిచేసిగానీ కూర్చోబెట్టి తినిపించండి. పరుగెత్తేటప్పుడు నోట్లో ఏమీ పెట్టవద్దు.

చిప్స్ ప్యాకెట్ ఒక్కరోజులో మాన్పించలేరు, నాకు తెలుసు. వారంలో ఒక రోజు అని ఒప్పించి మిగతా రోజులు ఇంట్లో ప్యాకెట్ లేకుండా చూడండి. ఆకలితో వచ్చిన పిల్ల ఎదురుగా ఏది ఉంటే అదే తింటుంది.

డాక్టరు ఇనుము మందు రాస్తే పాలకూ టీకీ గంట దూరంగా ఇవ్వండి. మలం నల్లగా వస్తుంది, భయపడకండి. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా రెండు మూడు నెలలు వాడాలని చెబుతారు, అది నిల్వల కోసం. మధ్యలో మానేయవద్దు. సీసాను బాబుకు అందని ఎత్తులో పెట్టండి, పసిపిల్లలకు ఇనుము మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది.

వెళ్ళేటప్పుడు ఆ ఆకలి సిరప్ సీసా సంచిలో వేసుకోండి. ఖాళీ అయినా, లేబుల్ సగం చిరిగినా సరే. ‘పేరు గుర్తు లేదు’ అని చెప్పడం కంటే అది డాక్టరు బల్ల మీద ఉండటం ముఖ్యం.