డాబా మీద మంచం

ఒరేయ్ అల్లుడూ,

మొన్న పొందూరు పెళ్లిలో నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, ఏదో చెప్పబోయి, చివరికి "సుగరు ఎలా ఉంది మావయ్యా" అన్నావు. పదిహేనేళ్ల కిందట నేనూ అలాగే మాట మార్చేవాణ్ణి. ఫోన్లో అయితే ఇద్దరికీ సిగ్గే, అందుకే రాస్తున్నాను.

నాకు 46 ఏళ్లప్పుడు అంగస్తంభన సరిగా జరగడం మానేసింది. ఒకటి రెండుసార్లు అలసట అనుకున్నాను. ఆ తర్వాత భయం పట్టుకుంది. రాత్రి తొమ్మిదైతే కడుపులో తిప్పేది. మీ అత్త పడుకునేదాకా టీవీ ముందు కూర్చుని, మెల్లిగా డాబా ఎక్కి నులక మంచం వాల్చేవాణ్ణి. ఉక్కపోత అని సాకు. పుష్యమాసంలో ఉక్కపోతేమిట్రా! ఆఫీసులో ఎవరు నవ్వినా నన్ను చూసే అనిపించేది. ముద్ద దిగేది కాదు.

టెన్షన్ పడితే అడ్రినలిన్ ఊరి రక్తనాళాలు బిగుసుకుంటాయి. అంగానికి రక్తం చేరాలంటే అవి సడలాలి. 'ఈసారైనా అవుతుందా' అని కాచుకుని కూర్చుంటే ఇంకెక్కడ అవుతుంది?

తెల్లారి లేచేసరికి స్తంభన ఉంటోందా, గమనించు. ఉంటే చాలావరకు మనసు సంగతి. లేకపోతే ఒంట్లో వెతకాలి. రెండూ కలిసి ఉండేదీ ఎక్కువే, కాబట్టి నీకు నువ్వే తీర్పు చెప్పుకోకు. నా విషయంలో సుగరు బయటపడింది. అక్కడి రక్తనాళాలు గుండెవాటికంటే సన్నం, పూడిక ముందు అక్కడే తెలియొచ్చు. నువ్వు సిగరెట్లు కాలుస్తావు కూడా. సుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకో. సోంపేటలో ఉంటున్నావు, ఆ ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించు. కిడ్నీ దెబ్బతిన్నా ఈ బాధ వస్తుంది.

నేను చేసిన తెలివితక్కువ పని చెయ్యకు. లాడ్జిలో దిగిన ఒక వైద్యుడికి నాలుగు వేలు పోసి లేహ్యం తెచ్చుకున్నాను. తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. అలాంటి కొన్నింటిలో సిల్డెనాఫిల్, అదే వయాగ్రా మాత్రే నూరి కలుపుతారు. మాత్ర మంచిదే, 1998 నుంచి వాడుతున్నారు. కానీ గుండెకు సార్బిట్రేట్ వాడేవాళ్లు అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి కొనకు, డాక్టరు రాస్తేనే వాడు. నిద్ర పట్టక, బతుకు మీద విసుగు పుడుతుంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, డబ్బులేం అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మాయికి కూడా చెప్పు. నేను చెప్పిన రోజు మీ అత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. గోడవైపు చూస్తూ చెప్పాను. చేతిలో కాయ పక్కన పెట్టి, "ఇదా! ఇంకెవరో ఉన్నారని ఏడాదిగా ఏడుస్తున్నాను కదా" అంది. అరిచింది కూడాను.

సోమవారం పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగు, స్టేషన్‌కి వస్తాను. పరగడుపునే రా. రక్తం ఇచ్చాక ఇద్దరం టిఫిన్ చేద్దాం.

మీ మావయ్య