కొండల్లో వేసే జియోథర్మల్ హీట్ పంప్ కోనసీమ ఇంటికి పనికొస్తుందా?

బోరులో దించిన పైపుల్లో నీళ్లు తిప్పి, భూమిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే, లేదా ఇంట్లోని వేడిని భూమిలోకి పంపే యంత్రం ఇది. అమలాపురం దగ్గర కడుతున్న ఇంటికి ఇది వేయించొచ్చా అని అడిగారు. వేయించొచ్చు, కానీ ఇక్కడ దాని పని వేరు, ఇల్లు చల్లబరచడం. కొండల్లో ముఖ్యంగా చలికాలం ఇల్లు వెచ్చబెట్టడానికి వాడతారు. అక్కడ రిగ్ ఎక్కే దారి, రాయి తొలిచే ఖర్చే టెన్షన్.

మన ఒండ్రులో బోరు తేలిగ్గా దిగుతుంది, కాకపోతే గోడలు కూలకుండా కేసింగ్ కావాలి. నీళ్లతో నానిన మట్టి వేడిని బాగా లాక్కుంటుంది. యూ ఆకారంలో దించిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు చుట్టూ ఖాళీ లేకుండా బెంటొనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) నింపించండి. లేకపోతే ఉప్పునీరు మంచినీటి పొరలో కలిసి, పక్కవాళ్ల బోరు కూడా పాడవ్వొచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇక్కడ ఏడాదంతా భూమిలోకి వేడి పంపడమే తప్ప తిరిగి తీసుకునేది దాదాపు ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ బోరు చుట్టూ మట్టి వేడెక్కి, చల్లదనం తగ్గుతుంది. అందుకే ఒక్క ఇంటికైతే మంచి ఇన్వర్టర్ ఏసీయే నయం. వేడినీళ్లు కూడా బాగా వాడే ఆసుపత్రికో హోటల్‌కో అయితే ఆ వేడి కొంత నీళ్లు కాచడానికే పోతుంది కాబట్టి, లెక్క వేయించి చూడొచ్చు.