షాపులో చిన్న వస్తువు దొంగిలించి దొరికితే జైలేనా?

కాదు, భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 303వ సెక్షన్ కింద దొంగతనం కేసయి, వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవారు దాన్నో దాని డబ్బునో తిరిగిచ్చేస్తే పడేది సమాజ సేవ శిక్షే. లేదంటే మూడేళ్ల వరకు, మళ్లీ దోషిగా తేలితే ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. చిన్న చేతివాటానికి జైలెందుకని 2024 జులై 1 నుంచి వచ్చిన మార్పిది.

400 రూపాయల ఫేస్‌క్రీమ్ బ్యాగులో వేసుకుని, గేటు దగ్గర బీప్ మోగి దొరికారనుకోండి. 303 కిందే కేసైతే, ఇంత చిన్న మొత్తానికి పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయలేరు, బెయిల్ కూడా హక్కే.

"డబ్బు కట్టేశాం, ఇంకా కేసేంటి?" అంటారు చాలామంది. యజమాని రాజీకి ఒప్పుకుంటే సరే. లేకపోతే తగ్గేది శిక్షే, నేరం కాదు. గేటు దాటలేదన్న వాదనా నిలవదు: కాజేసే ఉద్దేశంతో వస్తువు జేబులో వేసుకోగానే దొంగతనం అయిపోయినట్టే.