కారు షెడ్డులో ఆగుతుంది, ఇంటి ఖర్చు ఆగదు

ప్రశ్న: నా వయసు 37. ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్నే. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. చిన్నప్పటి నుంచి ఇష్టపడ్డ పోర్షె 944 కూపేను నిరుడు కొన్నాను. 1986 మోడల్, టర్బో కాదు. కొనడానికి పొదుపు సరిపోయింది. ఆ తర్వాత బ్రేకులు, ఫ్యూయల్ పైపులు, రేడియేటర్, టైర్ల కోసం అత్యవసర నిధిలోంచి తీస్తూ వచ్చాను. ఎనిమిది నెలల ఇంటి ఖర్చు ఉండేది, ఇప్పుడు నెలన్నరకు సరిపడా మిగిలింది. క్లచ్, టైమింగ్ బెల్టు, బాడీ, పెయింట్, సీట్లు, డ్యాష్‌బోర్డు పనులు ఇంకా ఉన్నాయి. వీటన్నిటికీ వర్క్‌షాప్ వేసిన అంచనా దాదాపు నా ఏడు నెలల జీతం. ఖర్చులన్నీ పోగా నెలకు జీతంలో అయిదో వంతు మిగులుతుంది. మరో మూడు నెలల్లో ఒక నెల జీతమంత బోనస్ వస్తుంది, అది ఏటా వచ్చేదే. 14 శాతం వడ్డీకి అయిదేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. చాలకపోతే క్రెడిట్ కార్డు ఉంది. పని పూర్తయితే కారు విలువ పెరుగుతుంది, అవసరమైతే అమ్మి అప్పు తీర్చేయొచ్చు అనుకుంటున్నాను. లోన్ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. పర్సనల్ లోన్ వద్దు, క్రెడిట్ కార్డు అసలే వద్దు. ఇంటి లోన్ మీద టాప్‌అప్ అనే అదనపు అప్పు తీసుకుంటే వడ్డీ తక్కువ కదా అని రేపు ఎవరైనా చెబితే అదీ వద్దు.

పాత కారు కొన్నందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. సొంత పొదుపుతో కొన్నారు, ముందు బ్రేకులు, ఫ్యూయల్ పైపులు మార్చారు. ఎండిన ఫ్యూయల్ పైపు పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే మొత్తం కారు కాలిపోతుంది కాబట్టి ఆ వరుస సరైనదే. మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం వేరే. మోటార్‌సైకిళ్లు, కెమెరాలు, సంగీత పరికరాలు ఇష్టపడే వాళ్ల దగ్గర్నుంచి కూడా నాకు ఇదే తప్పు కనిపిస్తోంది. ప్రాణంగా చూసుకునే వస్తువు ఆగిపోతే అది ఇంటికి వచ్చిన ఆపద అన్నట్టు అత్యవసర నిధి మీద చెయ్యి వేస్తారు. నిధి ఖాళీ అయ్యాక మిగిలిన పని కోసం అప్పు దగ్గరికి వెళతారు. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ రెండో మెట్టు మీద ఉన్నారు.

944లో క్లచ్ పోతే ఏమవుతుంది? కారు కదలదు. ఏడాది కదలకపోయినా పిల్లల ఫీజు ఆగదు, వంట ఆగదు, మీ ఉద్యోగం పోదు. కాబట్టి అది అత్యవసరం కాదు. మీరు రోజూ ఆఫీసుకు వెళ్లే బండి ఆగిపోతే అది అత్యవసరం. ఉద్యోగం పోయినా, ఇన్సూరెన్స్ పూర్తిగా భరించని ఆసుపత్రి బిల్లు వచ్చినా అదీ అత్యవసరమే. ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇంట్లో నెలన్నర ఖర్చు మాత్రమే చేతిలో ఉంది. అలాంటి ఆపద వస్తే రెండో నెల అద్దెకో ఈఎంఐకో ఎవరినో అడగాల్సి వస్తుంది. క్లచ్, పెయింట్, వడ్డీ శాతం అన్నీ దీని తర్వాతే.

మీ లెక్కనే తీసుకుందాం. ఏడు నెలల జీతమంత అప్పు, 14 శాతం వడ్డీ, 60 నెలలు. ఈఎంఐ మీ జీతంలో 16 శాతం పైచిలుకు అవుతుంది. తిరిగి కట్టేది మొత్తం దాదాపు పది నెలల జీతం. మీకు నెలకు మిగిలేది 20 శాతం, అంటే ఈఎంఐ పోగా 4 శాతం కూడా చేతికి రాదు. అయిదేళ్లు ఆ కాస్తతో, అప్పు తీరాక 20 శాతం మొత్తంతో నిధిని నెలన్నర నుంచి ఆరు నెలల ఖర్చుకు తేవాలంటే అయిదున్నరేళ్లు దాటుతుంది. ఈ అయిదున్నరేళ్లలో ఇంట్లో ఎవరికీ ఏమీ కాకూడదు, కారులో మరో భాగం చెడకూడదు, జీతం ఒక్క నెల కూడా ఆగకూడదు. నలభై ఏళ్ల వయసున్న కారు పెట్టుకుని ఆ మాట ఎవరైనా అనగలరా? అప్పు లేకుండా 20 శాతం మొత్తం నిధిలో వేస్తే అదే పని 18 నెలల్లో అయిపోతుంది. నేను లోన్ వద్దనడానికి వడ్డీ కంటే ఈ తేడాయే పెద్ద కారణం. క్రెడిట్ కార్డు గురించి ఒక్క మాట: నెలకు 3 శాతం చొప్పున బాకీ ఉంచితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. పాత కారు భాగాలకు ఆ రేటున అప్పు చేయడాన్ని నేను ఏ లెక్కలోనూ సమర్థించలేను.

ఇక "అమ్మి తీర్చేస్తాను" అన్న మాట. 1982 నుంచి 1991 దాకా 944లు లక్షా అరవై వేలకు పైగా తయారయ్యాయి. ఇవి చేతివేళ్ల మీద లెక్కపెట్టే కార్లు కావు. ఆ కుటుంబంలో ఎక్కువ గిరాకీ ఉన్నవి టర్బో, ఆ తర్వాత వచ్చిన 3 లీటర్ల ఎస్2. మీది మామూలు 2.5 లీటర్ల మోడల్. నడపడానికి అద్భుతమైన కారు. ఇంజిన్ ముందు, గేర్‌బాక్స్ వెనక ఉండడం వల్ల మలుపుల్లో దాని నిలకడే వేరు. కానీ కొనేవాడు చూసేది కారు ఇప్పుడున్న స్థితినీ, చేసిన పనుల బిల్లులనూ. పెయింటుకు మీరెంత పెట్టారన్నది అతనికి అనవసరం. పెట్టిన ఖర్చు, దాని మీద వడ్డీ రెండూ ధరలో తిరిగి రావాలంటే కారు విలువ పెట్టిన ఖర్చు కంటే దాదాపు 40 శాతం ఎక్కువ పెరగాలి. ఇలాంటి కారుకు ఆ ఆశ పెట్టుకోకండి. పైగా మీకు డబ్బు అత్యవసరమయ్యే రోజున కారు ఎలా ఉంటుందో ఊహించండి. బహుశా పెయింట్ గీకేసి, సీట్లు విప్పేసి, గేర్‌బాక్స్ నేల మీద ఉంటుంది. అలా సగంలో ఉన్న కారుకు, నడిచే స్థితిలో ఉన్న పాత కారుకు వచ్చే ధర కూడా రాదు. మీరు కొన్న ధర కూడా రాకపోవచ్చు.

వర్క్‌షాప్ అంచనా మీద కూడా నాకు నమ్మకం లేదు. వాళ్లు మోసం చేస్తారని కాదు, విప్పేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. "ఎలాగూ విప్పాం కదా, ఇదీ మార్చేద్దాం" అన్న మాట పాత కారు యజమానులందరూ వింటారు. 944 విషయంలో ఆ మాట కొన్నిసార్లు నిజమే. క్లచ్ మార్చాలంటే సైలెన్సర్ పైపులు, వెనకున్న గేర్‌బాక్స్, ఇంజిన్‌కీ దానికీ మధ్య ఉండే టార్క్ ట్యూబ్ అన్నీ జరపాలి. క్లచ్ ధర కంటే కూలీ బరువు. అంత విప్పాక క్రాంక్ వెనక ఆయిల్ సీల్, రిలీజ్ బేరింగ్ మార్చకపోతే రేపు అదే కూలీ మళ్లీ కట్టాలి. అదే ఊపులో సీటు గుడ్డ, డ్యాష్‌బోర్డు పగుళ్లు, రేడియో కూడా జాబితాలోకి ఎక్కితే అది వేరే కథ. మీ ఏడు నెలల అంచనా తొమ్మిదికి వెళ్లేది అక్కడే. అప్పు చేసిన డబ్బు సగంలో అయిపోతే విప్పిన కారును వదిలేయలేక మరో అప్పు చేస్తారు. అందుకే ఏ పని మొదలుపెట్టినా దాని పూర్తి అంచనా, దాని మీద మరో 30 శాతం నగదుగా చేతిలో ఉన్నాకే బోల్టు తిప్పనివ్వండి. ప్రతి పనీ కారు మళ్లీ నడిచే స్థితిలో ముగియాలి.

మినహాయింపు ఒక్కటే, ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో బిల్లు మీ దగ్గర లేకపోతే ఇవాళ్టి నుంచి ఆ ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, హెడ్ దించాల్సి వస్తుంది. ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌ల బెల్టు తెగి టైమింగ్ బెల్టులో చిక్కుకున్నా అదే గతి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అనుకోవద్దు, రబ్బరు ఏళ్లతో కూడా పాడవుతుంది. బోనస్ రాగానే రెండు బెల్టులు, రోలర్లు, ముందువైపు సీళ్లు, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు ఒకేసారి చేయించండి. మీది 1986 మోడల్ కాబట్టి కొత్త బెల్టు కొంత దూరం తిరిగాక బిగువు మళ్లీ చూడాలి. బెల్టు బిగువు కొలిచే పోర్షె 9201 నంబరు పరికరం గానీ దానికి సమానమైనది గానీ ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి. బోనస్‌లో మిగిలిన ప్రతి రూపాయీ నిధిలోకి వెళ్లాలి.

మిగతావి ఆగుతాయి. 944 బాడీకి జింకు పూత ఉంది కాబట్టి పొడిగా ఉంచితే తుప్పు అంత తొందరగా తినదు. ఒక్క చోటు మాత్రం ఈ వారమే చూడండి: ఇంజిన్ గది వెనక మూలలో బ్యాటరీ కూర్చునే పళ్లెం. యాసిడ్ కారి అది చిల్లు పడితే నీరు కాళ్ల దగ్గరి కార్పెట్ల కిందికి దిగుతుంది. దాన్ని శుభ్రం చేసి మూయడం మీరే చేసుకోగల పని. పెట్రోలు పంపుకు కరెంటు అందించే డీఎంఈ రిలే అనే చిన్న స్విచ్ పోయి పంపు ఆగిపోవడం ఈ కార్లలో మామూలే, ఒకటి కొని డ్యాష్‌బోర్డు అరలో పడేయండి, పెద్ద ఖర్చు కాదు. డ్యాష్‌బోర్డు పగుళ్లు మరో మూడేళ్లు అలాగే ఉన్నా ఏం కాదు.

నెలకు మిగిలే 20 శాతంలో 17 శాతం నిధికి, 3 శాతం కారుకు. ఆ 3 శాతంలోనే దాని ఇన్సూరెన్స్, పార్కింగ్, చిన్నాచితకా ఖర్చులు అన్నీ. ఇలా చేస్తే ఆరు నెలల ఖర్చు నిండడానికి సుమారు 21 నెలలు పడుతుంది. వచ్చే ఏడాది బోనస్ కూడా ఇందులోనే వేస్తే ఏడాదిన్నర లోపే అవుతుంది. అది నిండే దాకా క్లచ్ మాట ఎత్తొద్దు. నిండాక 17 శాతాన్ని సగం సగం చేయండి. ఒక సగం నిధిని తొమ్మిది నెలల ఖర్చు దాకా తీసుకెళ్లాలి, ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఎనిమిది కూడా నా దృష్టిలో తక్కువే. రెండో సగం కారు పేరు మీద విడి ఖాతాలోకి. రెండు డబ్బులూ ఒకే ఖాతాలో ఉంచకండి. మీ నిధి కరిగిపోయింది అలా ఒకే చోట ఉండబట్టే. బ్రేకుల బిల్లు కట్టిన రోజు మిగతా మొత్తం పెద్దదిగా కనిపించి ఉంటుంది, రేడియేటర్ రోజు కూడా ఇంకా చాలా ఉందిలే అనిపించి ఉంటుంది. ఖాతాలు విడిగా ఉంటే నిధి ముట్టుకునే ముందు చెయ్యి ఆగుతుంది.

కారు ఇన్సూరెన్స్ విషయంలో ఒక పని చేయండి. మామూలు పాలసీలో నలభై ఏళ్ల కారుకు తరుగుదల తీసేసి ఇచ్చేది నామమాత్రం. ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీ దొరుకుతుందేమో అడగండి. ఫొటోలు, బిల్లులు అడుగుతారు, తిరిగే కిలోమీటర్లకు పరిమితి పెడతారు. కారు వర్క్‌షాప్‌లో ఉండగా అగ్నిప్రమాదమో దొంగతనమో జరిగితే ఎవరి పాలసీ భరిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. మీ టర్మ్ పాలసీ, కుటుంబ ఆరోగ్య బీమా ఉన్నాయో లేవో మీరు రాయలేదు. లేకపోతే బెల్టు కంటే ముందు అవి. పిల్లల చదువుకు వేస్తున్నది ఉంటే దాన్ని ఆపొద్దు. కారు అమ్మేయడమూ ఒక దారే, అంత ఇష్టంగా కొన్నది అమ్మమని నేను బలవంతం చేయను. అయితే ఈ 3 శాతంలో దాన్ని ఉంచలేకపోతే ఇప్పుడున్న స్థితిలోనే, మరో పైసా పెట్టకుండా అమ్మేయండి.

ఇవాళ సాయంత్రం మీ భార్యతో కూర్చుని నిధిలో ఎంత మిగిలిందో చెప్పండి. లోన్ ఆలోచన వచ్చిందనీ చెప్పండి. నిధి ఆవిడది కూడా, మీకేమైనా అయితే దానితో ఇల్లు నడపాల్సింది ఆవిడే. ఆ ఖాతా వివరాలు, నామినీ పేరు, పాలసీ కాగితాలు, కారు బిల్లులు ఒకే ఫైల్లో పెట్టి చూపించండి. లోన్ ఇస్తామన్న వాళ్లకు వద్దని మెసేజ్ పెట్టండి, కార్డు లిమిట్ తగ్గించమని బ్యాంకును అడగండి. ఆరు నెలల ఖర్చు నిండాక క్లచ్ పనికి కొత్తగా అంచనా వేయించండి. ఇప్పటి కాగితం అప్పటికి చెల్లదు, అప్పటి ధరలు, అప్పటి కూలీ, పైన ఆ 30 శాతం చూసుకున్నాకే తేదీ ఖాయం చేయండి.