తేనెటీగ రెక్కల స్కాన్: ఒక్క పిక్సెల్ తేడా

ప్రశ్న: నమస్కారం సార్. సరదాగా మూడు తేనెపెట్టెలు పెంచుతున్నాను. అన్నీ ఐరోపా తేనెటీగలే. కార్నికా రకం అని చెప్పి రాణులను ఇచ్చారు. రెక్కలు కొలిస్తే రకం తెలుస్తుందని విని, మొదటి పెట్టె గుమ్మం దగ్గర పట్టిన 12 ఈగల రెక్కలను స్లైడు ఫ్రేముల్లో బిగించి, ఇంట్లో ఉన్న స్కానర్ మీద 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేశాను. బొమ్మ మసకగా వచ్చింది. క్యూబిటల్ ఇండెక్స్ ఒకదానికి 1.9, ఇంకొకదానికి 3.1, సగటు 2.3. రాణి కార్నికా కాదేమోనని టెన్షన్‌గా ఉంది. మార్చేయమంటారా?

జవాబు: రాణిని ముట్టుకోకండి. ముందు మీ కొలత సంగతి చూద్దాం.

ముందు రెక్కలో ఈనెల మధ్య మూడో క్యూబిటల్ గది అనే ఖాళీ ఉంటుంది కదా, దాని అడుగు గీత మీదికి కింది నుంచి ఇంకో ఈనె వచ్చి కలుస్తుంది. ఆ కలిసే చోట గీత రెండు ముక్కలవుతుంది. పెద్ద ముక్క పొడవును చిన్న ముక్క పొడవుతో భాగిస్తే మీ ఇండెక్స్. కార్నికాకు సగటున 2.7 దగ్గర, ఇటలీ రకం లిగుస్టికాకు 2.3 దగ్గర, ఉత్తర ఐరోపా నల్ల తేనెటీగకు 1.7 దగ్గర ఉంటుంది. మీ భయం ఈ అంకెల వల్లే అని నాకు అర్థమైంది.

ఇప్పుడు ఆ ముక్కలు ఎంత చిన్నవో చూడండి. పెద్దది అర మిల్లీమీటరు పైచిలుకు, చిన్నది 0.2 మిల్లీమీటరు. 1200 డీపీఐలో అవి సుమారు 26 పిక్సెళ్లు, 10 పిక్సెళ్లు. భాగిస్తే 2.6. ఈనెలు కలిసే చోటును మీరు ఒక్క పిక్సెల్ పక్కకు గుర్తించారనుకోండి, 25, 11 అవుతాయి. ఇండెక్స్ 2.27. కార్నికా కాస్తా లిగుస్టికా అయిపోయింది! అదే రెక్కను 4800 డీపీఐలో స్కాన్ చేస్తే 104, 40 పిక్సెళ్లు వస్తాయి. అక్కడ ఒక పిక్సెల్ తప్పినా 2.51 దగ్గరే ఆగుతుంది. 2400 కంటే తక్కువలో ఈ పని చేయవద్దని అందరికీ చెప్పేది ఇందుకే. అదీ స్కానర్ అసలు (ఆప్టికల్) సామర్థ్యం అయి ఉండాలి. సాఫ్ట్‌వేర్ సాగదీసి చూపించే డీపీఐ లెక్కలోకి రాదు.

మసకకు కారణం మీ స్లైడు ఫ్రేమే అయి ఉంటుంది. ఇళ్లలో ఉండే పలచని స్కానర్లు ఎక్కువగా సీఐఎస్ రకం. గాజుకు ఆనుకున్నదే వాటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్రేము రెక్కను మిల్లీమీటరు పైకి లేపినా చాలు, చెదిరిపోతుంది. సీసీడీ రకానికి ఆ ఇబ్బంది తక్కువ. మీదేదో తెలియాలంటే ఒక స్కేలును ఒక వైపు ఎత్తిపెట్టి స్కాన్ చేయండి. పైకి లేచిన అంకెలు కూడా చదవగలిగితే అది సీసీడీ. కాకపోతే ఫ్రేములు పక్కన పెట్టి, రెక్కలను పారదర్శకమైన టేపుకు అంటించి, టేపును పలచని ప్లాస్టిక్ షీటు మీద గాలిబుడగలు లేకుండా రుద్దండి. టేపు వైపు గాజుకు ఆనాలి. పైన తెల్ల కాగితం పరవండి. ఎడమ, కుడి రెక్కలు కలపకండి. నేను అన్నీ కుడి రెక్కలే, కొస ఒకే వైపు ఉండేలా అంటిస్తాను. బొమ్మ తిరగబడిందా లేదా అన్న అనుమానం తర్వాత రాదు.

ఇక ఈగలు. గుమ్మం దగ్గర పట్టినవాటిలో పక్క పెట్టె నుంచి దారి తప్పి వచ్చినవి కూడా ఉండవచ్చు. పిల్లపురుగులు ఉన్న చట్రం మీది లేత ఈగలను తీసుకోండి, రాణి ఆ చట్రం మీద లేదని చూసుకున్నాకే. 12 చాలవు, 30 నుంచి 50 కావాలి. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, తడి ఆరాక, రెక్కను మొదలు దగ్గర సన్నని పట్టకారుతో పట్టి లాగండి. వెనక రెక్క చిన్న కొక్కేలతో తగులుకుని వస్తుంది, మెల్లగా విడదీయండి. అంచులు చిరిగినా ఫరవాలేదు, ఈనెలు బాగుంటే చాలు.

అన్నీ సరిగా చేసినా అంకెలు కొంత చెదురుతాయి. రాణి పదికి పైగా పోతుటీగలతో కలుస్తుంది కాబట్టి పెట్టెలోని కూలి ఈగలు చాలావరకు ఒకే తల్లికి, వేరువేరు తండ్రులకు పుట్టినవి. మీరు చూస్తున్నది రాణి ఒక్కదాని వంశం కాదు. రాణి గురించే తెలియాలంటే పోతుటీగల రెక్కలు కొలవవచ్చు. పోతుటీగకు తండ్రి లేడు, దానిలో ఉన్నదంతా తల్లిదే. కానీ కూలి ఈగల పట్టికతో దాన్ని పోల్చకూడదు, పోతుటీగల కొలతలు వేరు. పైగా అవి పెట్టెలు మారుతూ తిరుగుతాయి, మూత గదుల్లోంచి అప్పుడే బయటికొచ్చేవాటినే పట్టాలి.

క్యూబిటల్ ఇండెక్స్ ఒక్కదానితో ఆగకండి. డిస్కాయిడల్ షిఫ్ట్, అంటే రెక్కలో ఒక ఈనెల కూడలి నిర్ణీత గీతకు ఏ వైపు జరిగిందో చెప్పే కొలత, కూడా చూడండి. అది నల్ల తేనెటీగకు రుణాత్మకంగా, కార్నికాకు ధనాత్మకంగా వస్తుంది. ఐడెంటిఫ్లై, డీప్‌వింగ్స్ లాంటి ప్రోగ్రాములు రెక్క మీది 19 కూడళ్లను తీసుకుని మొత్తం ఆకారాన్ని పోలుస్తాయి. అయినా సంకరంలో ఏ రకం వాటా ఎంతో రెక్క కచ్చితంగా చెప్పలేదు. అది డీఎన్‌ఏ పరీక్ష పని.

మొదట్లో నేను సగటు 2.1 వచ్చిందని ఒక రాణిని తీసేశాను. చేతికి తొడుగు లేకుండా చట్రాలు తీయనిచ్చిన పెట్టె అది. దాని బదులు పెట్టిన రాణి పిల్లల రెక్కలు పట్టికకు చక్కగా సరిపోయాయి, కానీ మూత ఎత్తితే మీదికి వచ్చేవి. తర్వాత పాత స్కాన్లు మళ్ళీ కొలిస్తే అదే రెక్కలకు 2.4 వచ్చింది. ఆ రాణిని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే మీకు మొదటి మాటగా ముట్టుకోవద్దన్నాను.

మీరు కొత్త స్కాన్లలోంచి పది రెక్కలు తీసుకుని ఈ రోజు ఒకసారి, వారం తర్వాత పాత అంకెలు చూడకుండా ఇంకోసారి కొలవండి. పాయింటు ఎప్పుడూ ఈనెల కూడలి మధ్యలోనే పెట్టండి, అంచున కాదు. రెండుసార్ల అంకెలూ, ఆ పది బొమ్మలూ నాకు పంపండి. పాయింటు ఎక్కడ జరుగుతోందో చూసి చెబుతాను.